మిగిలిన దానిలో సగం

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. 2024 జూన్‌లో బళ్లు తెరిచిన వారానికి ఒక సాయంత్రం సంచీ గుమ్మంలో పడేసి, "అమ్మా, మా లెక్కల సారు ఎన్‌ఎంఎంఎస్ రాయమంటున్నారు. సెలెక్టయితే ఏడాదికి పన్నెండు వేలంట, ఇంటరు దాకా ఇస్తారంట" అంది. ఎన్‌ఎంఎంఎస్ అంటే ఎనిమిదో తరగతి పిల్లలు రాసే సర్కారు స్కాలర్‌షిప్ పరీక్ష. నేను అప్పుడు ఎవరిదో జాకెట్టుకి హుక్సులు కుడుతున్నాను. నెలకి వెయ్యి, నాలుగేళ్లకి 48,000. ఆ గుణకారం మాత్రం నాకు చప్పున వచ్చేసింది.

మిగతా లెక్కలు అంత చప్పున రాలేదు. ఈ ఆరు నెలల్లో ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎక్కడ ఏడ్చాం అన్నది రాసిపెడుతున్నాను. మొదలుపెట్టినప్పుడు నాకు ఇవి చెప్పినవాళ్లు లేరు. నేను పదో తరగతి లెక్కల్లో 38 మార్కులతో గట్టెక్కినదాన్ని. ఇంట్లో టైలరింగు చేస్తాను. మాది పి.గన్నవరం దగ్గర పల్లె, ఏటిగట్టుకి ఇవతల. మా ఆయన రెండెకరాలు కౌలుకి చేస్తారు, మధ్యలో కొబ్బరి దింపులకి వెళ్తారు.

పేపరు ఎలా ఉంటుందో మాకు మొదట్లో తెలియదు. మొత్తం 180 బిట్లు, మూడు గంటలు. అంటే బిట్టుకి ఒక్క నిమిషం. సగం బిట్లు మెంటల్ ఎబిలిటీ, సగం సబ్జెక్టులు. ఆ తొంభై సబ్జెక్టు బిట్లలో లెక్కలు ఇరవై. ఆ ఇరవైలో భిన్నాలు, నిష్పత్తుల మీద వచ్చే కథ లెక్కలు మహా అయితే నాలుగైదు. ఆ నాలుగైదింటికేనా ఇంత గోల అంటారేమో. సైన్సు, సోషలు అది తనంతట తాను చదువుకుంటుంది. ఈ లెక్కలు మాత్రం రెండో వాక్యానికే దాని మొహం వాడిపోయేది. నాదీ అంతే అనుకోండి.

జులై 1న ట్యూషన్‌లో చేర్పించాం. నెలకి 600, ప్రింటు చేసిన మెటీరియల్‌కి 350. ఎక్కడో చెప్పను. అక్కడ చెప్పేదంతా షార్ట్‌కట్లే. ఇలా వస్తే అడ్డంగా గుణించు, అలా వస్తే తిరగెయ్యి, వయసుల లెక్క వస్తే ఈ ఫార్ములా వెయ్యి. మా అమ్మాయి నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో పెట్టెలు కట్టి మరీ రాసుకుంది. మూడు వారాలకి పరీక్ష పెడితే ఇరవైకి అయిదు వచ్చాయి.

ఆ రాత్రి ఇద్దరం ఆ పేపరు ముందేసుకుని కూర్చున్నాం. అందులో ఒక లెక్క ఇది. ఒక స్తంభంలో 1/5 వంతు బురదలో ఉంది, మిగిలిన దానిలో సగం నీటిలో ఉంది, నీటి పైన 6 మీటర్లు కనిపిస్తోంది. స్తంభం మొత్తం పొడవెంత?

మా రేవులో పడవలు కట్టే రాటా కళ్లముందు కనబడింది. ఇంత తేలికైనది తప్పు చేసిందేమిటా అని నేనూ కూర్చుని చేశాను. 1/5కి 1/2 కలిపితే 7/10. మిగిలింది 3/10. అది 6 మీటర్లు కాబట్టి మొత్తం 20. ఆప్షన్లలో చూస్తే 20 ఉంది. "నువ్వు పెట్టింది కరెక్టేనే, సారే తప్పు కొట్టేశారు" అన్నాను. మర్నాడు అది ట్యూషన్‌లో అదే మాట అని, అందరిలో మాట పడి వచ్చింది. జవాబు 15. ఎందుకు 15 అంటే, "ఫార్ములా చూసుకో" అన్నారంట.

మాలాగే తప్పు చేసేవాళ్లకి ఎంత వస్తుందో ముందే లెక్కేసి, ఆ అంకెని ఆప్షన్లలో పెడతారని అప్పుడు తెలిసింది. మన జవాబు ఆప్షన్లలో కనబడితే మనది ఒప్పని కాదు. ఈ ఒక్క సంగతి ముందు తెలిసుంటే ఆ పిల్లని అలా మాట పడనిచ్చేదాన్ని కాదు.

జులై ఆఖరులో గోదావరికి వరద వచ్చింది. లంకల్లోకి దారులు మునిగాయి, మా గట్టు మీద గొడ్లు, గడ్డిమోపులు, జనం. మాకు నీళ్లు రాలేదు గానీ కరెంటు వచ్చేది, పోయేది. నాలుగు రోజులు ట్యూషన్ లేదు. మా అత్తగారు ఎండబెట్టిన పప్పుల డబ్బాలన్నీ కిందకి దింపి, పాత ఇత్తడి కొలతలతో బియ్యం కొలుస్తున్నారు, వరదలో వచ్చిన చుట్టాలకి ఎన్నాళ్లు సరిపోతాయో చూడ్డానికి. ఆవిడ బడి మెట్టు ఎక్కలేదు.

నేను ఊరికే, పిల్లని నవ్విద్దామని, "అత్తయ్యా, మానికన్నర మీద ఒక సోల కలిపితే ఎంత?" అన్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, "ఏడు సోలలు" అన్నారు.

మా అమ్మాయి కాగితం తీసుకుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కాబట్టి మానిక కుంచంలో 1/4, తవ్వ 1/8, సోల 1/16. మానికన్నర అంటే 3/8, దానికి 1/16 కలపాలి. హారాలు వేరు. క.సా.గు. 16. 6/16 ప్లస్ 1/16, 7/16. "మామ్మా, కరెక్టు! ఎలా చేశావు?"

"చేసేదేముందే. మానికకి నాలుగు సోలలు, అరమానికకి రెండు, ఇదొకటి. అన్నీ సోలల్లోకి మార్చుకుంటే ఏడు."

అన్నీ సోలల్లోకి మార్చుకోవడం. పదేళ్లు బళ్లో కూర్చున్న నాకు హారాలు సమానం చేయడమంటే కింద అంకెలతో చేసే ఏదో తంతు అని మాత్రమే తెలుసు. తవ్వనీ మానికనీ కలిపి లెక్కపెట్టలేం కాబట్టి రెండింటినీ ఒకే చిన్న కొలతలోకి దింపడమని ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆ సాయంత్రమంతా అది నిజంగా బియ్యం పోసి కొలిచి చూసింది. అత్తగారు కసిరారు, నేల మీద గింజలు పారబోస్తోందని.

స్తంభం లెక్క తెగింది కూడా ఆ రోజుల్లోనే. మిషను కింద లైనింగు గుడ్డ అంచు ముక్కలు పడుంటాయి. ఒకటి తీసి, ఇదీ స్తంభం అన్నాను. అయిదు మడతలు వేసి సుద్దతో గీతలు పెట్టాం. ఒక మడత బురద. దాన్ని కత్తెరతో కత్తిరించి పక్కన పారేశాను. చేతిలో మిగిలింది నాలుగు మడతలు. మిగిలిన దానిలో సగం నీళ్లలో, అంటే రెండు మడతలు. పైన రెండు. ఆ రెండూ 6 మీటర్లు. ఒక మడత 3. అయిదు మడతలు 15.

పిల్ల ఆ గుడ్డముక్క పట్టుకుని కాసేపు అలానే ఉండిపోయింది. తర్వాత, "అమ్మా, మనం గుడ్డ కత్తిరించకుండా సగం తీశాం" అంది. అంతే. మొత్తం స్తంభంలో సగం తీశాం. అడిగింది బురద పోగా మిగిలిన దానిలో సగం. రెండు సగాలకి పేరు ఒకటే గానీ, దేనిలో సగం అన్నది వేరు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఏ భిన్నం కనబడినా మొదటి ప్రశ్న "దేనిలో?". చిరాకు పుట్టేదాకా అడిగేదాన్ని. భోజనాల దగ్గర చేప ముక్క సగం పెట్టమంటే దాని తమ్ముడు కూడా "దేనిలో సగం?" అనేవాడు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, అది ట్యూషన్‌లో వాళ్లు పట్టించుకోలేదు. పిల్లలది ఇంగ్లీషు మీడియం. సర్కారు పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది. నేను తెలుగు పేజీ, అది ఇంగ్లీషు పేజీ చూసి లెక్క చదివేవాళ్లం. తెలుగులో "మిగిలిన దానిలో సగం" అంటాం, ఏది అన్నది ముందు వస్తుంది, ఎంత అన్నది తర్వాత. ఇంగ్లీషులో "హాఫ్ ఆఫ్ ది రిమైనింగ్", సగం ముందు వచ్చేస్తుంది. మా అమ్మాయి ఆ హాఫ్ కనబడగానే పట్టుకుని పరుగెత్తేది, వెనక వచ్చే మాట చదివేది కాదు. నేను తెలుగు పేజీలోది పైకి చదివితే అదే లెక్క సగం సార్లు దానంతటదే వచ్చేసేది. దరఖాస్తులో మీడియం దగ్గర ఇంగ్లీషనే పెట్టాం, బళ్లో అలవాటు కాబట్టి. కానీ లెక్కని మనసులో తెలుగులోకి తిప్పుకుని చదవమన్నాను. ఇది మంచి పద్ధతో కాదో నాకు తెలియదు, మాకు పనిచేసింది.

దరఖాస్తు ఆగస్టులో. బళ్లోనే ఆన్‌లైన్‌లో పెట్టారు. ఏడాది ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి కాబట్టి ఆదాయ ధ్రువపత్రం కావాలి. దానికోసం మూడుసార్లు తిరిగాను, చేతికి వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించుకోండి. మా దానికి ఇంటిపేరులో ఒక అక్షరం తేడా వచ్చి ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఫీజు మాకు వంద రూపాయలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి యాభై.

ఆగస్టు 31తో ట్యూషన్ మాన్పించేశాను. డబ్బు మిగులుతుందని కాదు, షార్ట్‌కట్ల వల్ల అది లెక్క చదవడమే మానేస్తోందని. మా ఆయనకి ఇష్టం లేదు. "నీకొచ్చా, నువ్వు చెప్పడానికి?" అన్నారు. రాదు. అదే చెప్పాను. ఇద్దరం కలిసి నేర్చుకుంటాం, ఆగితే బళ్లో సారుని అడుగుతుంది అన్నాను. ఆ సారు మంచివారు, ఎన్నిసార్లడిగినా విసుక్కోరు. రోజూ రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర. మొదటి పది రోజులు గంటకి రెండు లెక్కలు అయ్యేవి. ఒక్కోరోజు ఒకటే.

సెప్టెంబరంతా నిష్పత్తులు. ఇక్కడ ఇంకో గోతిలో పడ్డాం. సిమెంటు, ఇసుక 1:4 నిష్పత్తిలో కలిపితే మొత్తం మిశ్రమంలో సిమెంటు ఎంత వంతు? 1/4 అంది. నేనూ 1/4 అనే అనుకున్నాను. పక్కింట్లో అప్పుడు గోడలకి పూత పని జరుగుతోంది. మర్నాడు టీ ఇస్తూ మేస్త్రీని అడిగాను, "ఒకటికి నాలుగు కలుపుతారు కదా, అందులో సిమెంటు పావు వంతేనా?" అని.

"కాదండమ్మా. తట్ట సిమెంటుకి నాలుగు తట్టల ఇసకండి. మొత్తం అయిదు తట్టల మాలండి. అందులో సిమెంటు ఒకటేనండి."

అయిదింట ఒకటి. 1/5. మళ్లీ అదే ప్రశ్న, దేనిలో? ఇసుకతో పోలిస్తే పావు, మొత్తంలో అయిదో వంతు. మా అమ్మాయి పుస్తకంలో 1:4 పక్కన అయిదు తట్టల బొమ్మలు గీసి ఉంటాయి ఇప్పటికీ. అప్పట్నుంచి నిష్పత్తిని "ఈజ్ టు" అనడం మానేసి మేము కూడా "ఒకటికి నాలుగు" అనే చదువుకున్నాం. ఇడ్లీ పిండికి పప్పు, రవ్వ ఒకటికి రెండు అని రోజూ అంటూనే ఉంటాం కదా, అది నిష్పత్తి అని మాత్రం తోచదు.

దసరా సెలవుల్లో నాణేల లెక్కలు పట్టుకున్నాం. సంచిలో రూపాయి, 50 పైసలు, 25 పైసల నాణేలు 5:6:8 నిష్పత్తిలో ఉన్నాయి, మొత్తం 210 రూపాయలు, ఏవి ఎన్ని? 5, 6, 8 కలిపి 19, 210ని 19తో భాగించింది. తెగలేదు. తెగకపోతే అది కూడా మంచిదే, ఎక్కడో తప్పు దారి పట్టామని లెక్కే చెబుతున్నట్టు. నాణేల సంఖ్యలు వేరు, రూపాయలు వేరు. 5 రూపాయి నాణేలు అయిదు రూపాయలు, 6 అర్ధరూపాయలు మూడు రూపాయలు, 8 పావలాలు రెండు రూపాయలు. కలిపి పది. 210ని పదితో భాగిస్తే 21. నాణేలు 105, 126, 168.

ఇందులో అసలు అడ్డం వచ్చింది లెక్క కాదు. మా అమ్మాయి పావలా చూడలేదు. పావలాల చెలామణి 2011 జూన్ 30తో ఆగింది, ఇది పుట్టింది ఆ ఏడే. ఎనిమిది పావలాలంటే రెండు రూపాయలని నాకు నోటికి వచ్చేస్తుంది, దానికి ప్రతిసారీ 25ని 8తో గుణించి వందతో భాగించాలి. అత్తగారు దేవుడి డబ్బాలోంచి మూడు పావలాలు తీసి చూపించారు. "ఇవి ఇప్పుడు చెల్లవు మామ్మా" అంటే, "లెక్కకి చెల్లుతాయిలే" అన్నారావిడ.

ఒకరోజు రాత్రి మా ఆయన కూడా కలిశారు, కావాలని కాదు. అది పైకి చదువుతోంది. ఒక వస్తువు ధర 1/4 వంతు పెరిగి, తర్వాత 1/4 వంతు తగ్గితే లాభమా నష్టమా? "ఏముంది, ఎక్కడిదక్కడే" అన్నాను నేను. ఆయన అన్నం తింటూనే, "ఎక్కడిదక్కడ ఎలా ఉంటుంది? పదహారు రూపాయల కాయ ఇరవై అయింది. ఇరవైలో పావు అయిదు తగ్గించాడు. పదిహేను. రూపాయి దెబ్బ" అన్నారు. కొబ్బరి ధరలు చూసి చూసి ఆయనకి అది ఒంట్లోకి పోయింది. పెరిగేది పదహారులో పావు, తగ్గేది ఇరవైలో పావు. "పదహారుకి ఒకటి, అంటే రూపాయికి అణా పోయింది" అని లోపల్నుంచి అత్తగారు. జవాబు చూస్తే 1/16 వంతు నష్టం. పుస్తకం మూసేసి అందరం నవ్వాం. ఆ తర్వాత నుంచి ఆయన ట్యూషన్ మాట ఎత్తలేదు.

ఆయన వల్ల ఉపయోగం లేని రోజులూ ఉన్నాయి. 20 మంది 6 రోజుల్లో నాట్లు వేస్తే 15 మందికి ఎన్ని రోజులు అని చదివితే, "ఇప్పుడు పదిహేను మందిని ఎవడు తెస్తాడు?" అన్నారు. 8 రోజులని చెప్పించడానికి పది నిమిషాలు పట్టింది.

వయసుల లెక్కల దగ్గర నేను కాస్త బెంగపెట్టుకున్నాను. తల్లి వయసు కూతురి వయసుకి మూడింతలు ఎప్పుడు, రెండింతలు ఎప్పుడు అని వస్తుంటాయి. ట్యూషన్ ఫార్ములా పక్కనపెట్టి మా వయసులతోనే చేద్దామన్నాను. నాకు 37, దానికి 13. తేడా 24. నిష్పత్తి ఏటా మారుతుంది, తేడా మాత్రం మారదు. మూడుకి ఒకటి కావాలంటే తేడా రెండు భాగాలు, ఒక్కో భాగం 12. అంటే దానికి 12, నాకు 36, అది పోయినేడే అయిపోయింది. రెండుకి ఒకటి కావాలంటే తేడా ఒక భాగం. దానికి 24, నాకు 48. అది చేసేసి పక్క లెక్కలోకి వెళ్లిపోయింది. నేను అక్కడే ఆగిపోయాను. నాకు అది పుట్టినప్పుడు 24. దానికి నా అప్పటి వయసు వచ్చేసరికి నేను సరిగ్గా దానికి రెట్టింపు ఉంటాను. ఏ తల్లికైనా అంతే కదా అని కాసేపటికి తట్టింది. మిషను మీద పని ఉండి కూడా ఆ రాత్రి తొక్కలేదు.

నవంబరులో సార్వా కోతలు. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. మా రెండెకరాలకీ 58 బస్తాలు వచ్చాయి, కౌలుకి 30 కొలిచేశాం. అది సగం కంటే ఎక్కువో తక్కువో నేను అడక్కుండానే మా అమ్మాయి చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

అప్పుడే ఇంకో దెబ్బ తగిలింది. సారు ఇచ్చిన మోడల్ పేపరు గడియారం పెట్టుకుని రాయించాను. చేసిన లెక్కలన్నీ కరెక్టు, చేసినవి మాత్రం ఇరవైలో తొమ్మిదే. ఒక్కో లెక్కకీ గుడ్డముక్క బొమ్మ గీసి, మడతలు పెట్టి, పేర్లు రాసి నాలుగేసి నిమిషాలు తీసుకుంటోంది. అర్థం చేసుకోవడానికి నేర్పింది పరీక్షలో కాళ్లకి అడ్డం పడింది. ఆ వారం నాకు బాగా టెన్షన్. ట్యూషన్ మాన్పించి తప్పు చేశానేమో అనిపించింది. మా ఆయన ఆ మాట అనలేదు గానీ, ఆయన అనకపోవడం కూడా నాకు వినబడింది.

సారుని అడిగితే ఆయన చెప్పింది చిన్న మార్పు. బొమ్మ వద్దు, మొత్తాన్ని ఒక అంకె అనుకోమనండి, హారాలన్నీ తెగే అంకె అన్నారు. జీతంలో 1/4 అద్దెకి, మిగిలిన దానిలో 2/3 ఇంటి ఖర్చుకి పోగా 5,000 మిగిలితే జీతమెంత? 4, 3 రెండూ తెగేది 12. జీతం 12 అనుకో. అద్దె 3. మిగిలింది 9. అందులో రెండు మూడో వంతులు 6. మిగిలింది 3. ఆ 3 అంటే 5,000. 12 అంటే 20,000. గుడ్డముక్కే ఇది, బొమ్మ లేదంతే. దానికి ఒక్క సాయంత్రంలో పట్టుబడింది. జులైలోనే చెప్పుంటే పట్టుబడేదా అంటే, మాకైతే కాదు. అప్పుడు ఆ 9 ఎక్కడిదో దానికి తెలిసేది కాదు.

నవంబరు ఆఖరుకి తొమ్మిది పద్నాలుగైంది. హాల్ టికెట్ బళ్లోనే ఇచ్చారు.

డిసెంబరు 8, ఆదివారం. కేంద్రం అమలాపురంలో పడింది. పదింటికి పరీక్ష, ఏడింటికే బయల్దేరాం. అంబాజీపేట మీదుగా బస్సు, అమలాపురంలో దిగి ఆటో. ఇద్దరికీ పోనురాను 140, టిఫిన్లు 90. రెండు బాల్ పెన్నులు, అట్ట, హాల్ టికెట్ జిరాక్సు ఇంకోటి. బస్సులో ఏమీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అంబాజీపేట దాటాక అదే, "అమ్మా, ఒకటి అడుగు" అంది. అడగలేదు.

గేటు బయట మూడు గంటలు. చాలామంది తల్లులు. ఒకావిడ నాలుగైదు సార్లు వాచీ చూసి, "మీ పాపకి లెక్కలు వచ్చాండి?" అంది. వచ్చండి అనడానికి ధైర్యం చాల్లేదు, పర్లేదండి అన్నాను.

ఒంటిగంట దాటాక బయటికి వచ్చింది. మొహంలో ఏమీ తెలియలేదు. మొదట మంచినీళ్లు అడిగింది. తర్వాత, "స్తంభం లెక్క రాలేదమ్మా" అంది, ఎవరో పెళ్లికి రాలేదన్నట్టు. ఆరు నెలలు నేర్చుకున్నదాన్ని ఎవరూ అడగనందుకు దానికి నిజంగానే కోపం వచ్చింది. లెక్కల్లో పదిహేడు చేసిందంట, మూడు తెలియక ఏదో ఒకటి పెట్టిందంట. తప్పుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దని సారు గట్టిగా చెప్పారు. ఓఎంఆర్ అనే జవాబుల కాగితంలో సున్నాలు దిద్దడానికే పది నిమిషాలు పోయాయంట. ఇంటి దగ్గర దిద్దించి అలవాటు చేసుంటే బాగుండేది, ఆ ఊహ నాకు రాలేదు.

కొద్ది రోజులకే ప్రాథమిక కీ వచ్చింది. ఫోన్‌లో పెట్టుకుని టిక్కులు పెట్టుకుంది. లెక్కల్లో ఇరవైకి పదిహేను. తప్పులో ఒకటి మాత్రం దానికి మింగుడు పడలేదు. నిష్పత్తి లెక్కే. జవాబు సరిగ్గానే కట్టింది, వాళ్లు అడిగింది రెండో భాగం, అది మొదటి భాగం దిద్దింది. అదీ ఆప్షన్లలో ఉంది. మొత్తం మీద అర్హతకి కావాల్సిన 40 శాతం దాటింది, కానీ అది దాటితే సరిపోదు, జిల్లాకి ఉన్న స్కాలర్‌షిప్‌ల సంఖ్య బట్టి పైనుంచి తీసుకుంటారు.

ఖర్చు రాస్తానన్నాను. ట్యూషన్ రెండు నెలలు 1,200, మెటీరియల్ 350, దరఖాస్తు 100, ధ్రువపత్రాలకి తిరిగిన ఆటోలు, జిరాక్సులు 180 దాకా, మోడల్ పేపర్ల పుస్తకం 220, పరీక్ష రోజు 230. మొత్తం 2,280. ఇందులో ట్యూషన్, మెటీరియల్ కలిపి ఎంత వంతని నన్ను అడిగింది. 1,550. మూడింట రెండు వంతుల కంటే కొంచెం ఎక్కువ. దేనిలో అని నేను అడగలేదు, మొత్తంలోనని అదే చెప్పింది.

ఇది రాసేనాటికి ఫలితాలు ఇంకా రాలేదు. సంక్రాంతి జాకెట్లు పదకొండు ఉన్నాయి కుట్టాల్సినవి, నాలుగు అయ్యాయి.